ముంపు ఊళ్ళ పోస్టాఫీసులు ఎక్కడికి పోయాయి? (గుంటూరు, కృష్ణా జిల్లాలు)

అరండల్‌పేట అబ్బాయి

మా మేనత్త దగ్గర పోస్టాఫీసు పాస్‌బుక్కు ఒకటి ఉంది. మామయ్య పేరు మీదది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పుస్తకం మీద గుండ్రటి ముద్రలో ఉన్నది వాళ్ళ ఊరి పేరే. ఆ ఊరు ఇప్పుడు కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయను, ఏమీ అనుకోవద్దు. పరిహారం సంగతి ఇంకా కోర్టులో నలుగుతోంది, వకీలుగారు నోరు మెదపొద్దన్నారు. కృష్ణకి ఇవతలి ఒడ్డు, పాత సత్తెనపల్లి తాలూకా అనుకోండి చాలు.

గుంటూరులో ఒక పోస్టాఫీసుకి పట్టుకెళ్తే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో కొట్టి చూసి "ఆ పేరుతో ఆఫీసే లేదండీ" అంది. లేకపోవడమేంటి? అత్తయ్య కాపురానికెళ్ళిన కొత్తలో ఆ పోస్టాఫీసు అరుగు మీద కూర్చునే పుట్టింటికి కార్డులు రాయించుకునేదట.

రెండు విషయాలు అడుగుతున్నా. ఈ ఖాతా సంగతి ఎవర్ని అడగాలి? ఇంకోటి, ఇలా మునిగిపోయినవి, కొట్టుకుపోయినవి, జనం వదిలేసి పోయినవి మన రెండు జిల్లాల్లో ఏవేం ఊళ్ళున్నాయో ఎవరైనా జాబితా కట్టారా? కనీసం వాటి పోస్టు పేర్లన్నా?

కృష్ణ ఒడ్డు

మాదీ ముంపు ఊరేనన్నా. పులిచింతలకి 1988లో ఎన్టీ రామారావుగారు శంకుస్థాపన చేశారు, పని మళ్ళీ ఊపందుకుంది 2004లో, నీళ్ళు నిలబెట్టింది 2013లో. అంటే పాతికేళ్ళు "రేపో మాపో మునుగుతాం" అనుకుంటూ బతికాం. కొత్తగా ఇల్లు కట్టినోడు లేడు, పెంకులు జారినా సర్దినోడు లేడు. ముంపు ఊరికి పిల్లనివ్వమని సంబంధాలు వెనక్కి పోయిన ఇళ్ళు కూడా ఎరుగుదును. 45 టీఎంసీల పైచిలుకు నీళ్ళని పేపర్లో రాస్తారు గానీ ఈ పాతికేళ్ళ లెక్క ఎవరూ రాయరు.

పోస్టాఫీసు మా ఊళ్ళో పోస్టుమాస్టరుగారి ఇంటి ముందు గదిలోనే ఉండేది. ఊరు లేచినప్పుడు జనం ఒక్కచోటికి రాలేదు. కొందరు సర్కారు పునరావాస కాలనీకి, కొందరు డబ్బు తీసుకుని సత్తెనపల్లి, పిడుగురాళ్ళ వైపు, పిల్లలు చదువుకునే వాళ్ళు గుంటూరు. పోస్టుమాస్టరు ఒక దారి, ఊరు మూడు దారులు. ఆ తర్వాత కొన్నాళ్ళు వచ్చిన ఉత్తరాలు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి.

చిల్లర ప్రశ్న

అడిగితే కోపం రాకూడదు. ఊరే లేనప్పుడు దాని పోస్టాఫీసు జాబితా ఎందుకండీ? ఇప్పుడు ఎవరు ఉత్తరాలు రాస్తున్నారు? మనియార్డరు కూడా ఫోన్లోనే వెళ్ళిపోతోంది.

పాత దస్తావేజు

కోపం ఎందుకు, జవాబు చెప్తాను. మా నాన్నగారు దస్తావేజు లేఖరి. ఊరు రెవెన్యూ కాగితంలో ఒక పేరుతో ఉంటుంది, జనం నోట్లో ఇంకో పేరుతో ఉంటుంది. శివారు పల్లె అయితే రెవెన్యూలో అసలు కనిపించదు, పెద్ద ఊరి సర్వే నంబర్లలో కలిసిపోతుంది. ఆ శివారుకి సొంత పేరు మిగిలేది మూడే చోట్ల: గుడి శాసనం, పెళ్ళి శుభలేఖ, పోస్టు ముద్ర. గుడి మునిగింది. శుభలేఖలు చెదలు తిన్నాయి. మిగిలింది ముద్ర. అందుకండీ.

రిటైర్డ్ ఓవర్సీరు

తపాలా శాఖలో మెయిల్ ఓవర్సీరుగా, అంటే పల్లె పోస్టాఫీసుల పని తిరిగి చూసేవాడిగా, చేసి రిటైరయ్యాను. సైకిల్ మీద ఈ ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణే. అరండల్‌పేట బాబూ, కౌంటర్లో అమ్మాయిని తప్పు పట్టకు. ఆమె ముందున్న తెరలో ఇవాళ నడుస్తున్న ఆఫీసులే ఉంటాయి.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. పల్లెటూరి బ్రాంచి పోస్టాఫీసుకి సర్కారు భవనం ఉండదు. పోస్టుమాస్టరే చోటు చూపించాలన్నది షరతు. అలాంటి పోస్టుమాస్టర్ని ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) అనేవాళ్ళం ఇదివరకు, తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అన్నారు. ఆయన ఇంటి వసారాయో, ముందు గదో, ఒక బల్ల, తూకం, ముద్ర, సిరా దిండు, గోడకి ఎర్ర డబ్బా, అంతే ఆఫీసు. ఆయన మారితే ఆఫీసు ఇంకో వీధికి మారుతుంది. ఒక్కోసారి అసలు ఊరి నుంచి శివారుకే వెళ్ళిపోతుంది, పేరు మాత్రం పాతదే. అందుకే ఊరు పోయిన చోట శిథిలాల్లో బడి కనబడుతుంది, గుడి కనబడుతుంది, పోస్టాఫీసు మాత్రం కనబడదు. అక్కడ ఇల్లే కదా ఉన్నది.

కానీ ఆ ఆఫీసు ఒంటరిగా ఎప్పుడూ లేదు. ప్రతి బ్రాంచి ఆఫీసూ ఒక సబ్ పోస్టాఫీసుకి లెక్క చెప్పాలి. దాన్ని అకౌంట్ ఆఫీసు అంటాం. రోజూ పొద్దున అక్కడి నుంచి సంచి వస్తుంది, సాయంత్రం ఉత్తరాలూ డబ్బూ రోజువారీ లెక్కా వేసుకుని సంచి తిరిగి వెళ్తుంది. ఆ పైన హెడ్ పోస్టాఫీసు. పాస్‌బుక్కు ఊళ్ళో పోస్టుమాస్టరు చేతి మీదుగా ఇచ్చినా అసలు లెడ్జరు పైన ఉంటుంది. ఊరు మునిగినప్పుడు మునిగింది బల్ల, తూకం. లెడ్జరు మునగలేదు.

కాబట్టి పటంలో ఊరి కోసం వెతక్కు. సంచి ఎటు పోయేదో పట్టుకో. పాస్‌బుక్కు మొదటి పేజీలో బ్రాంచి పేరు కింద సబ్ ఆఫీసు, హెడ్డాఫీసు పేర్లు రాసే చోట్లు ఉంటాయి. సిరా వెలిసిపోయి ఉంటుంది. పగటి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడు.

బెజవాడ గాలి

ఓవర్సీరు గారూ, ఆ "సంచి" అన్న మాటకి మా తాతయ్య గుర్తొచ్చారు. సంచి ఆలస్యమైతే ఊళ్ళో సగంమంది పోస్టుమాస్టరు ఇంటి ముందే కూర్చునేవాళ్ళట, పేపరు కూడా అందులోనే వచ్చేది కాబట్టి.

అన్నట్టు, పులిచింతలలో మునిగిన కొల్లూరు అంటే కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరే కదా? మొన్న రేపల్లె వెళ్తూ బస్సులోంచి "కొల్లూరు" బోర్డు చూశాను. మునగలేదే మరి!

కృష్ణ ఒడ్డు

అది వేరు, ఇది వేరు అన్నా! మీరు చూసింది డెల్టాలో తెనాలి అవతలి కొల్లూరు. వరి, పసుపు, అరటి, ఆ లంకల వైపు. వజ్రాల కొల్లూరు బెల్లంకొండ పక్కన కృష్ణ ఒడ్డుది. అదే మునిగింది.

పాత దస్తావేజు

ఈ జంట ఊళ్ళ తికమక జాబితా కట్టే వాళ్ళందరికీ తగిలేదే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆ గనిని చూసి అరవై వేలమంది పని చేస్తున్నారని రాసుకున్నాడు. సంఖ్య ఎంత నమ్మాలో మీ ఇష్టం, వర్తకుల లెక్క. సగానికి సగం కోసేసినా అది అప్పట్లో ఒక పట్నం. గనులు అడుగంటాక ఆ పట్నం చెదిరి చిన్న పల్లెగా మిగిలింది, ఆ పల్లె మన కళ్ళముందు నీళ్ళలోకి పోయింది. ఒకే చోట రెండుసార్లు ఊరు పోయిందన్నమాట. మొదటిసారి పోయినప్పుడు తపాలా లేదు, గనిలో రాళ్ళు మోసిన ఒక్క మనిషి పేరు కూడా మనకి దక్కలేదు.

పాత ఉత్తరంలో "కొల్లూరు, గుంటూరు జిల్లా" అని మాత్రమే ఉంటే ఏదో తేల్చడం కష్టం. పక్కన తాలూకా పేరుంటే పని సులువు. అందుకే పాత వాళ్ళు "వయా" అని రాసేవాళ్ళు. ఆ వయా తర్వాత రాసింది ఓవర్సీరు గారు చెప్పిన సంచి దారే.

ఇంకో చిక్కు జిల్లాలది. గుంటూరు జిల్లా 1904 అక్టోబరులో ఏర్పడింది. అంతకుముందు కార్డయితే తెనాలి ఉత్తరం మీదా "కిష్నా జిల్లా" అనే ఉంటుంది, చూసి బందరు వైపు వెతుక్కోకండి. ఒంగోలు, చీరాల 1970 దాకా గుంటూరు జిల్లాలోవే. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022లో పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాలు. ఊరు కదలకపోయినా చిరునామా ఇన్నిసార్లు కదిలింది.

రిటైర్డ్ ఓవర్సీరు

దస్తావేజు అమ్మగారు చెప్పింది నిజం. ఒక్కటి చేర్చుకోండి. పిన్‌కోడు వచ్చింది 1972 ఆగస్టు 15న. మొదటి మూడంకెలు తపాలా జిల్లావి. గుంటూరు 522, విజయవాడ 520, కృష్ణా 521, ఒంగోలు 523. జిల్లాలు ఎన్నిసార్లు విడగొట్టినా ఈ అంకెల్ని ముట్టుకోలేదు. ఇవాళ బాపట్ల జిల్లాలోనే బాపట్ల 522101, చీరాల 523155. జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చినా 521175గానే ఉంది. కాబట్టి పాత కార్డు మీద పిన్‌కోడుంటే రెవెన్యూ జిల్లా పేరు కంటే దాన్నే నమ్మండి.

లంక పిల్ల

మాది దివిసీమ. మీరంతా నెమ్మదిగా మునిగిన ఊళ్ళ గురించి మాట్లాడుతున్నారు. మావి ఒక్క రాత్రిలో పోయాయి. 1977 నవంబరు 19. నాగాయలంక, కోడూరు అవతల సముద్రం ఒడ్డు పల్లెల మీదికి ఉప్పెన వచ్చింది. పదివేలమంది పోయారని సర్కారు లెక్క, మా వైపు పెద్దవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువంటారు. సొర్లగొంది పేరెత్తితే ఇప్పటికీ మా అమ్మమ్మ మాట ఆపేస్తుంది.

మా చిన్నతాతయ్య అప్పట్లో పోస్ట్‌మ్యాన్. ఉప్పెన తర్వాత వారాల తరబడి దూరం ఊళ్ళ నుంచి కార్డులు వస్తూనే ఉన్నాయట. "క్షేమమేనా, వెంటనే జాబు రాయండి." తీసుకునే మనుషులు లేరు. విలాసుదారు మరణించారని ప్రతిదాని మీదా రాసి వెనక్కి పంపాలి. అవి మద్రాసులో, హైదరాబాదులో, భిలాయిలో ఎవరింటికో తిరిగి చేరాక గానీ వాళ్ళకి చావు కబురు తెలియలేదు. ఒకే ఇంటి పేరు మీద దొంతరగా వచ్చిన రోజు ఆయన రాయలేక హెడ్డాఫీసుకి మొత్తం కట్ట పంపేశారని చెప్పేవారు.

మా ఊళ్ళు మళ్ళీ లేచాయి. దాతలు కట్టించిన కాలనీలు, తుఫాను షెల్టర్లు వచ్చాయి. పేర్లు అవే, మనుషులు వేరు. వీటిని జాబితాలో వేస్తారా, వెయ్యరా?

అరండల్‌పేట అబ్బాయి

వెయ్యాలక్కా. "పేరు ఉంది, ఊరు మారింది" అని వేరే వరుస పెడదాం.

పేరాల నేత

అలా అయితే చీరాల పేరాల సంగతేంటి? 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట వేలమంది ఊరు ఖాళీ చేసి పొలిమేర అవతల పందిళ్ళు వేసుకున్నారు. రామనగరం అని పేరు. పదకొండు నెలలు వాన, ఎండ అక్కడే. అదీ ఒక ఊరే, ఇప్పుడు లేదు. అప్పటికి మాది గుంటూరు జిల్లానే.

చిల్లర ప్రశ్న

అది ఉద్యమం, ఊరు కాదు.

పేరాల నేత

పదకొండు నెలల్లో అక్కడ పిల్లలు పుట్టారు, ముసలివాళ్ళు పోయారు. మీ లెక్కలో ఊరంటే ఇంకేం కావాలి బాబూ?

నిర్వాహకులు

గొడవ వద్దు. రామనగరం జాబితాలో ఉంటుంది, పక్కన "తాత్కాలికం" అని రాస్తారు. భూముల సర్వే చేయిస్తామని ఫోన్ నంబరు పెట్టిన సందేశం తీసేశాం. కోహినూరు ఎవరిదన్న చర్చకి వేరే చోటుంది, అక్కడికి వెళ్ళండి.

మాచర్ల మెయిల్

ఆలస్యంగా చూశాను. నాగార్జునకొండ ఎవరూ ఎత్తలేదేం? ఆ లోయ పల్నాడు తాలూకాది, గుంటూరు జిల్లాది. 1926లో శిథిలాలు బయటపడ్డప్పుడు అక్కడున్న పల్లె పుల్లారెడ్డిగూడెం. పాత తవ్వకాల నివేదికల్లో ఆ పేరు వస్తూనే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి వెళ్ళిన వాళ్ళకి అదే ఆనవాలు. 1955లో నాగార్జునసాగర్ డ్యాంకి నెహ్రూ పునాదిరాయి వేశాక ఇక మునుగుతుందని తేలింది, తవ్వకాలు 1960 దాకా ఉరుకులు పరుగుల మీద చేశారు. ఇక్ష్వాకుల కట్టడాల్ని ఇటుక ఇటుకా విప్పి కొండ మీదా, అనుపు దగ్గరా మళ్ళీ పేర్చారు. మంచి పని, కాదనను. 1700 ఏళ్ళ నాటి స్తూపం ఏ మూల నుంచి ఏ మూలకి మారిందో పటం గీసి ఉంచారు. గూడెంలో మనుషులు ఎటు వెళ్ళారో అలాంటి పటం ఒక్కటి చూపించండి.

మా ముత్తాత వాళ్ళు మాచర్ల వచ్చి స్థిరపడ్డారు. మా ఇంట్లో పాత ప్రాంసరీ నోట్ల మీద ఊరి పేరు మారిన ఏడాది కనిపిస్తుంది.

పాత దస్తావేజు

ఆ నోట్లు పారెయ్యకండి! ఫోటోలు తీసి పెట్టండి. అప్పు పత్రంలో చిరునామా తప్పు రాస్తే రేపు కోర్టులో పేచీ వస్తుందని ఊరూ, శివారూ, తాలూకా పూర్తిగా రాసేవాళ్ళు. ప్రేమగా రాసిన ఉత్తరాల కంటే అప్పుకాగితాలే ఈ పనికి నిఖార్సైన సాక్ష్యం.

అరండల్‌పేట అబ్బాయి

ఓవర్సీరు గారూ, మీరు చెప్పినట్టే పుస్తకాన్ని ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే సబ్ ఆఫీసు పేరు కనిపించింది. ఆ ఆఫీసు ఇప్పటికీ ఉంది! నిన్న అత్తయ్యని తీసుకుని వెళ్ళాను. అక్కడ సబ్ పోస్టుమాస్టరుగారు పాత ఊరి పేరు వినగానే "మా పరిధిలోదే, ఆఫీసు ఎత్తేశాక ఖాతాలు పక్క బ్రాంచిలో కలిపారు" అన్నారు. పాత నంబరుతో దొరకలేదు. కోర్ బ్యాంకింగ్‌లోకి మార్చినప్పుడు కొత్త నంబర్లు ఇచ్చారట. పేరు, తండ్రి పేరు పెట్టి వెతికిస్తే దొరికింది. ఏళ్ళ తరబడి లావాదేవీ లేదు కాబట్టి సైలెంట్ ఖాతా కింద ఉంది. అత్తయ్య పేరే నామినీగా ఉంది. మరణ ధ్రువపత్రం, ఆధార్, క్లెయిమ్ ఫారం ఇవ్వమన్నారు.

డబ్బు పెద్ద మొత్తమేం కాదు. అత్తయ్యకి డబ్బు కన్నా ఆయన "మా పరిధిలోదే" అన్న మాట నచ్చింది. దారంతా అదే చెప్పుకుంటూ వచ్చింది. మూడు కాలనీల్లో ఎవరెక్కడున్నారో ఆ ఆఫీసు పోస్ట్‌మ్యాన్‌కి నోటికి వచ్చట. తన పాత ఇరుగుపొరుగు ఇద్దరి జాడ అక్కడే చెప్పారు.

రిటైర్డ్ ఓవర్సీరు

సంతోషం బాబూ. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఇక జాబితా పని. నేను చెప్పే వరుసలో పెట్టండి: ఊరి పేరు, పోస్టు పేరు, అకౌంట్ ఆఫీసు, పాత తాలూకా, ఏమైంది, ఏ కాగితం చూసి రాశారు. ఆఖరి గడి ఖాళీగా ఉంటే ఆ వరుస ఉంచొద్దు. "మా తాత చెప్పాడు" అయితే అలాగే రాయండి, అదీ సాక్ష్యమే. కానీ దాన్ని సాక్ష్యంగా రాయండి, తేలిన నిజమని కాదు.

1971 జనగణన జిల్లా పుస్తకాల్లో ఒక్కో ఊరికి బడి, మంచినీళ్ళు, రోడ్డుతో పాటు పోస్టాఫీసు ఉందో లేదో గడి ఉంటుంది. జనగణన శాఖ వాటిని నెట్‌లో పెట్టింది. పులిచింతల ఊళ్ళకి అది పనికొస్తుంది. సాగర్ ఊళ్ళకి పనికిరాదు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలేసరికే అవి లేవు. వాటికి అంతకు ముందు పుస్తకాలు చూడాలి. శాఖ అచ్చువేసిన పాత పోస్టాఫీసుల జాబితాలూ ఉన్నాయి, అక్షర క్రమంలో, ప్రతిదానికీ హెడ్డాఫీసు పేరుతో. పాత పుస్తకాల అంగళ్ళలో దొరికితే బేరమాడకుండా కొనండి.

ఇంగ్లీషు స్పెల్లింగులు జాగ్రత్త. రెవెన్యూ వాళ్ళు పల్లె అని రాస్తే మా వాళ్ళు పల్లి అని చెక్కించేవాళ్ళు. రైల్వే వాళ్ళది మూడో దారి.

చిల్లర ప్రశ్న

సరే, నేనూ ఒకటి తెచ్చా. మా ఊరి పక్కన సర్వే నంబర్లున్నా మనిషి లేని బేచిరాకు గ్రామం ఉంది. పాడుబడ్డ బావి, ఒక రాతి ధ్వజస్తంభం, అంతే. దాని పోస్టు ఎలా కనుక్కోవాలి?

పాత దస్తావేజు

వచ్చారా దారికి! ఎప్పుడు ఖాళీ అయిందో తెలుసా? 1832–33 నందన కరువులో పోయిన ఊరైతే పోస్టు కోసం వెతక్కండి. దేశమంతటికీ తపాలా బిళ్ళ వచ్చిందే 1854లో. దానికి కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్ర రాతలు, చూడాలి. 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు కరణాల దగ్గర కూర్చుని రాయించుకున్నవి. గుంటూరు వైపు ఊళ్ళవి చాలా ఉన్నాయి. చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరెందుకు, దొడ్లు ఎన్ని అని కూడా ఉంటుంది.

చిల్లర ప్రశ్న

ఆదివారం బందరు రోడ్డులో గ్రంథాలయానికి వెళ్తా. ఎవరైనా వస్తారా?

బెజవాడ గాలి

నేనొస్తా. టిఫిన్ మీది.

కొత్త సభ్యురాలు

నమస్కారమండీ, ఇవాళే చేరాను. నాన్నమ్మ పెట్టెలో దొరికిన శుభలేఖ ఫోటో పెట్టాను. పసుపు మరకల కింద ఊరి పేరూ, "పోస్టు" అన్న మాటా చదవొస్తున్నాయి. ఇప్పటి ఏ మండలంలోనూ ఆ పేరు లేదు. వరుడు గుంటూరు ఏసీ కాలేజీలో చదివినట్టు ఉంది. ఎక్కడని మొదలుపెట్టాలి?

రిటైర్డ్ ఓవర్సీరు

అమ్మా, శుభలేఖ వచ్చిన కవరు ఉందా? ఉంటే వెనక వైపు ఫోటో పెట్టండి. పంపిన ఊరి ముద్ర ముందు వైపు బిళ్ళ మీద పడుతుంది, చేరిన ఊరి ముద్ర వెనక కొట్టేవాళ్ళం. మధ్యలో ఏ ఆఫీసు ముద్ర పడ్డా అదే మీకు కావలసింది. కవరు లేకపోతే శుభలేఖ అడుగున అచ్చాపీసు పేరు చూడండి. పెళ్ళివారు దగ్గర్లో ఉన్న పట్నంలోనే అచ్చువేయిస్తారు.

కొత్త సభ్యురాలు

కవరు లేదండీ. అచ్చాపీసు ఉంది, నరసరావుపేట.

మాచర్ల మెయిల్

అయితే మా వైపే. ఇంటిపేరు చెప్పకుండా వరుడి తండ్రి ఊరు మాత్రం రాయండి, రేపు మా పెద్దనాన్నని అడిగి చెప్తా.